మాస్టారి కాలికింది బ్రేకు

నేను ఒక బ్రేకును. అసలు బ్రేకును కాదు, రెండోదాన్ని. డ్రైవింగ్ స్కూలు కారులో నేర్పే మాస్టారు కూర్చునే ఎడమ సీటు ముందు ఉంటాను. రాజమండ్రిలో ఒక మెకానిక్ ఇనప ముక్కను కోసి, వంచి, రబ్బరు తొడుగు వేసి, ఒక కడ్డీతో నన్ను అసలు బ్రేకుకు బిగించాడు. మా ఇద్దరిలో ఒకరు వంగితే రెండోవారూ వంగాల్సిందే. ఆ కాలంలో వంచేది మాత్రం ఎప్పుడూ నేనే. అందుకు నాకు కొంచెం పొగరుండేది, దాచడమెందుకు?

మా మాస్టారు సూరపరాజుగారు. కడియంలో సగం మందికి ఆయనే గురువు. మంచి మనిషే కానీ కాలు ఊరుకోదు. అల్లంత దూరాన సైకిలు కనిపిస్తే చాలు, నన్ను తొక్కేసేవారు. స్టీరింగు పట్టుకున్న పిల్లలేమో తామే ఆపామనుకుని మురిసిపోయేవారు. "బాగా ఆపావు" అని ఆయనే మెచ్చుకునేవారు కూడా. పని నాది, పేరు వాళ్ళది. పోనీలే, చిన్నపిల్లలు అనుకునేదాన్ని.

పంతొమ్మిదేళ్ళ పావని అలాగే నేర్చుకుంది. వాళ్ళ నాన్న గంగరాజుకు పూలమొక్కల నర్సరీ ఉంది. ఆయన మోకాలు మొరాయించడంతో మొక్కల వ్యాను ఇక ఆ పిల్లే నడపాలి. పరీక్ష ఖాళీ మైదానంలో జరిగింది. అక్కడ అడ్డం వచ్చేదెవరు? తొణక్కుండా పాసై, మాస్టారికి పూతరేకులు తెచ్చిచ్చింది.

వారం తిరక్కుండా మళ్ళీ వచ్చింది, ముఖం వేలాడేసుకుని.

"సందులోంచి ఒక ముసలావిడ అడ్డం వచ్చిందండి. నా కాలు కదల్లేదండి. బండి దానంతటదే ఆగుద్దని చూత్తా కూర్చున్నానండి. నాన్న స్టీరింగు లాగేశాడు కాబట్టి మట్టిగుట్టెక్కింది. లేపోతే ఆవిడ..." చున్నీతో కళ్ళు తుడుచుకుంది. "నాన్న తాళాలు దాచేశాడండి. వ్యాను అమ్మేత్తానంటన్నాడు."

మాస్టారు తలవంచి నా వంకే చూశారు. నాకు తల కొట్టేసినట్టయింది. సాయం చేస్తున్నాననుకున్నానే గాని, ఆ పిల్ల కాలికి రావలసిన విద్య నేను మింగేశానని అప్పటిదాకా తట్టనే లేదు.

"తప్పు నీది కాదమ్మా, నా కాలిది. రేపట్నించి మళ్ళీ రా" అన్నారాయన.

మర్నాడు ఆయన చెప్పులు విప్పి, బెల్టు పెట్టుకుని, సీట్లో బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. మొదట ఊరి బయట ఖాళీ రోడ్డు, నత్తనడక. తర్వాత కాలువ గట్టు. కంటికి కనపడిందల్లా పైకి చెప్పమన్నారు.

"కుక్కండి. ఆటో ఆగుందండి, తలుపులోంచి ఎవరన్నా దిగొచ్చండి." పావని ఇలా వాగుతూ నడిపేది. నాకు నవ్వొచ్చేది.

పదో రోజు గట్టు మీద ఒక లారీ ఆగి ఉంది. "లారీ అండి. దానెనకాల ఎవరన్నా ఉండొచ్చండి" అంటూ వేగం తగ్గించింది. లారీ చాటునుంచి బాతుల మంద బిలబిలమంటూ రోడ్డెక్కింది. వాటి వెనకే వాటిని తోలే తాత, మా వైపు చూడనైనా చూడకుండా. మాస్టారు కాళ్ళు విప్పుకునేలోపే నేను వంగిపోయాను. నన్నెవరూ తొక్కలేదు. తొక్కింది అవతల పావని. కారు తాతకు నాలుగు బారల దూరంలో ఆగింది. ఆపద వేళ జన్మలో మొదటిసారి ఇంకొకరి కాలికి వంగాను, అబ్బ, ఎంత హాయిగా ఉందో!

మాస్టారే వెళ్ళి చెబితే గంగరాజు తాళాలు తీసిచ్చాడు. కానీ వ్యానులో నాలాంటిది లేదు కదా. మొదటిరోజు కూతురి పక్కన దారిపొడుగునా ఉత్త నేలనే తొక్కుతూ కూర్చున్నాడట పాపం, నొప్పి మోకాలితోనే.

ఇప్పుడు మాస్టారు లైసెన్సు వచ్చినవాళ్ళందరినీ మళ్ళీ పిలిచి, బాసింపట్టు వేసుకుని పది రోజులు తిప్పుతున్నారు. మొన్న పావని పూతరేకులతో మళ్ళీ వచ్చింది.

"నిన్న మొక్కలేసుకుని రావులపాలెం ఎల్లొచ్చామండి."

"నాన్న ఏమన్నాడు?"

"ఏమంటాడండి? ఊరు దాటకముందే గురకెట్టి నిద్రోయాడు."

మాస్టారు పకపకా నవ్వారు. నా రబ్బరు మీద వేలెడు దుమ్ము పేరుకుంది. తుడవకపోయినా నాకేం బాధ లేదు.