చలిగది జాడీ

జాడీలో బుడగలు సన్నబడ్డాయని బాబాయ్‌కి చెవే చెప్పింది. వంగి, గాలిగొట్టం మొనకు పట్టిన జిగురును వేలితో తుడిచి, మళ్ళీ బురదనీళ్ళలోకి దించాడు. గొట్టం గలగలమంది. తృప్తిగా తలాడించి, బల్ల తుడవడం మొదలుపెట్టాడు.

మురుగునీటిని శుద్ధిచేసే కేంద్రంలో ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆయన ల్యాబు అటెండరు. పొట్టి మనిషి. ముంజేతుల మీద యాసిడ్ చుక్కలు పడి మానిన తెల్లమచ్చలు. ఎంత రుద్ది కడిగినా వేళ్ళకు బురద వాసన. "ఆ జాడీల్లో పురుగుల్ని చూసుకున్నట్టు నన్ను ఒక్కరోజు చూసుకుంటే నా జన్మ తరించేది" అని ఇంటావిడ దెప్పుతుంది. ఆయన నవ్వి ఊరుకుంటాడు. అందులో అబద్ధమేమీ లేదు మరి. ఆ ఉద్యోగం ఇవాళ్టితో ఆఖరు.

ఈ ఏడాది పనంతా రెండు జాడీల చుట్టూ తిరిగింది. విప్పకుండానే నీళ్ళలో వేసే కొత్తరకం సబ్బుపొడి పొట్లాల మీద ఉండే పలచని ప్లాస్టిక్ పొర నీళ్ళలో కరిగిపోతుంది. కరిగిందంటే కంటికి కనబడదంతే, నీళ్ళలోనే ఉంటుంది. దాన్ని బాక్టీరియా తింటేనే పోయినట్టు. ఒకే బురద, ఒకే మేత, ఒకే గాలి. ఒక జాడీ ముప్పై డిగ్రీల గదిలో, రెండోది పది డిగ్రీల చలిగదిలో. చలిలో కూడా తింటాయా అన్నదే ప్రశ్న.

పదకొండు గంటలకు, ఈ పరీక్ష నడిపే మేడం రిపోర్టు పట్టుకుని వచ్చింది. ఆయన కూతురి వయసుది. ముఖం వెలిగిపోతోంది.

"బాబాయ్, వినండి. 'చలిలో కొంత ఆలస్యమైనా బాక్టీరియా ఈ ప్లాస్టిక్‌ను పూర్తిగా తినేస్తోంది.' సంతకం పెట్టేస్తే సబ్బుపొడి ఫ్యాక్టరీవాళ్ళు చలికాలంలో కూడా ఆ నీళ్ళు మనకే వదలొచ్చు. మన ట్యాంకు దాటితే ఇక నదే కదా."

బాబాయ్ చేతిలో గుడ్డ ఆగిపోయింది. కిటికీలోంచి బయటి పెద్ద ట్యాంకు కనిపిస్తోంది. దాని పక్కన హీటరు పెట్టేవాడు ఎవడూ లేడు.

"అమ్మా, సంతకం ఆపు."

"ఏమైంది?"

"ఆదివారాలు మేత వెయ్యడానికి నేనొక్కణ్ణే వస్తాను కదా. చలిగదిలో పాపం బుడగ కూడా బద్ధకంగా లేచేది. చూడలేక జాడీని తెచ్చి హీటరు దగ్గర పెట్టేవాణ్ణి. సాయంత్రం దాకా. సోమవారం నువ్వు చూసేసరికి మళ్ళీ పది డిగ్రీలకు వచ్చేసేది."

ఆమె కుర్చీలో కూర్చుంది.

"ఎన్ని ఆదివారాలు?"

"అన్నీ."

ఆయనకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఇన్నేళ్ళలో ఒక్క సీసా పగలగొట్టినవాడు కాదు. వెళ్ళేరోజున ఈ పిల్ల కష్టమంతా బురదలో పోశాడు. చెప్పకుండా గేటు దాటి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. ఆ సంగతి కూడా ఆయనకు తెలుసు.

మేడం కాగితాన్ని బల్ల మీద పరిచింది. తర్వాత పెన్ను తీసి ఆ వాక్యాన్ని అడ్డంగా కొట్టేసింది.

"మొదటి నుంచి చెయ్యాలి," అంది. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "నాతో అయినా ఒక్క మాట అనాల్సింది బాబాయ్."

"తప్పనుకుంటే చెప్పేవాణ్ణే తల్లీ. అదీ వాటి చాకిరీలో భాగమే అనుకున్నాను."

మధ్యాహ్నం ఆయనే ట్యాంకు మెట్లు దిగి కొత్త బురద పట్టుకొచ్చాడు. జాడీ కడిగి నింపాడు, మేత కలిపాడు, గాలి పెట్టాడు. చలిగదిలో దింపి, తలుపు దగ్గర ఒకసారి వెనక్కి చూశాడు. బుడగ బద్ధకంగానే లేస్తోంది. ప్రాణం ఉసూరుమంది. అయినా తలుపు మూసేశాడు.

సాయంత్రం నలుగురూ టీ ఇచ్చి, శాలువా కప్పి, రెండు మంచి మాటలు చెప్పారు. ఆయన అందరికీ దణ్ణం పెట్టి, ఎప్పటిలా సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

ఆదివారం మేత వెయ్యడానికి ఈసారి మేడమే వచ్చింది. చలిగది తలుపు తీస్తే చేతులు కొంకర్లు పోయాయి. జాడీ మెడకు దారంతో కట్టిన అట్టముక్క ఒకటి వేలాడుతోంది. దాని మీద వంకర అక్షరాలతో ఉంది: "బయటికి తియ్యొద్దు. జాలి పడొద్దు."