దుమ్ములగొండి ఇంటి పిల్ల

సవూటి అడవి గేటు దగ్గర కాపలా తాత బండిలోకి తొంగిచూసి మా బోనోలోను అడిగాడు. "ఏం పిల్లా, మీరు దేన్ని ఆడతారు?"

మా దేశంలో వంశం అడిగే పద్ధతి అదే. ఒక్కో వంశానికి ఒక్కో జంతువు. పండగొస్తే దాని పేరుమీదే పాట, ఆట.

"సింహాన్ని," అంది నా కూతురు.

పక్కనున్న మా అత్తగారు ముఖం గంటు పెట్టుకుంది. సింహం నా పుట్టింటిది మరి. పిల్లకు వచ్చేది తండ్రి వంశం, మా ఆయన మొదిరి వాళ్ళది దుమ్ములగొండి. ఆ సంగతి తెలిసి బళ్ళో పిల్లలు పళ్ళికిలించి వెక్కిరించారట. వచ్చే శుక్రవారం బడి పండగలో ఎవరి వంశ స్తోత్రం వాళ్ళు చదవాలి. సింహానిదైతేనే చదువుతాను, లేకపోతే బడికే పోనని బోనోలో మొండికేసింది. పైకి కసిరాను గానీ లోలోపల మురిసిపోయాను.

అత్తగారు వదిలే రకం కాదు. ఆవిడ పుట్టింటిది ఏనుగు. అయినా మెట్టినింటి దుమ్ములగొండి కోసం నడుం కట్టింది. "ముందు దాన్ని చూడు, తర్వాత వద్దను. చూడకుండా వద్దంటే నేనూరుకోను," అని సెలవులకు అందరినీ బండెక్కించింది.

మర్నాడు పొద్దున్నే రాబందులు దిగుతున్న వైపు మొదిరి బండి తిప్పాడు. గడ్డిలో చచ్చిపడిన జీబ్రా, దాన్ని తింటూ జూలున్న సింహాలు రెండు. కాస్త దూరంలో దుమ్ములగొండ్లు, నక్కలు, పిలవని పేరంటానికి వచ్చినట్టు కూర్చుని ఉన్నాయి.

"చూశావా మావాళ్ళ దర్జా!" అన్నాను ఉండబట్టలేక.

"అబ్బ, ఎంత బావున్నాయమ్మా! అవతల చూడు, దొంగమొహాలు," అని బోనోలో నవ్వింది.

మొదిరి గుడ్డ తీసుకుని లోపలినుంచి బండి అద్దం తుడవసాగాడు. తల్లికీ పెళ్ళానికీ మధ్య ఇరుక్కున్న మగవాడు ఏమంటాడు? ఇంకో రెండు బండ్లు వచ్చి, ఫోటోలు తీసుకుని వెళ్ళిపోయాయి. ఎండెక్కింది. ఇక పోదామన్నాను.

"కదిలితే ఒట్టే," అంది అత్తగారు. "ఆ దుమ్ములగొండ్లు కూర్చోలా? ఆ ఇంటి కోడలివి, నీకు ఆమాత్రం ఓపిక లేదూ?"

నాకు ఒళ్ళు మండింది. ఫ్లాస్కులో మిగిలిన టీ అంతా నేనే తాగేశాను. బోనోలో విసుగ్గా దుర్భిణి కళ్ళకు పెట్టుకుంది. కాసేపటికి అడిగింది. "నాన్నా, వాటి మూతికి రక్తమేంటి?"

"తింటున్నాయి కదే."

"సింహాలకు కాదు, దుమ్ములగొండ్లకి. చెవులదాకా ఉంది. ఇవింకా తిననే లేదుగా?"

దుర్భిణి లాక్కుని చూశాను. నిజమే. దుమ్ములగొండ్ల మూతులూ మెడలూ ఎండిన రక్తంతో నల్లబడి ఉన్నాయి. సింహాలకు మూతి చివర మాత్రమే ఎరుపు.

"వెంటబడి పడగొట్టింది మనవి," అన్నాడు మొదిరి, గుడ్డ పక్కన పడేసి. "వచ్చి లాక్కున్నవి అవతలివి."

"అయితే దొంగలు అమ్మవాళ్ళా!"

అత్తగారు నవ్వను కూడా లేదు. నవ్వినా బాగుండేది.

అంతలో ఒక కుంటి ఆడ దుమ్ములగొండి లేచి సింహాల వైపు నడిచింది. ఒక సింహం గర్జించింది. కుంటిది వెనక్కి తగ్గి, మళ్ళీ వచ్చింది. పంజా విసిరితే తప్పుకుని, మళ్ళీ వచ్చింది. ఈసారి దాని వెనక గుంపంతా తోకలెత్తి అరుస్తూ లేచింది. "పో! అంతే, తగ్గకు!" అంటోంది బోనోలో పిడికిళ్ళు బిగించి. చివరికి సింహాలు, పొట్ట నిండిందిలే అన్నట్టు, పొదల్లోకి వెళ్ళిపోయాయి. నా తల కొట్టేసినట్టయింది.

"నాయనమ్మా, ఆ స్తోత్రం చెప్పు," అంది బోనోలో. తిరుగుదారంతా తాను తప్పు చదవడం, అత్తగారు దిద్దడం.

గేటు దగ్గర తాత పలకరించాడు. "ఏం సింహమా, మీవాళ్ళు కనబడ్డారా?"

"నేను దుమ్ములగొండిని తాతా."

తాత పకపకా నవ్వాడు. బోనోలో ముఖం చిన్నబోయింది గానీ తల దించలేదు.

"నవ్వు తాతా. శుక్రవారం బళ్ళోనూ నవ్వుతారు. వాళ్ళ నవ్వు అయ్యేదాకా నిలబడి, అప్పుడు చదువుతా."

అత్తగారు పొట్లం విప్పి ఎండుమాంసం అందరికీ పంచింది. అన్నిటికన్నా పెద్ద ముక్క నా ముందు పెట్టింది.

"తిను సింహమా. మా ఇంట్లో లాక్కోనక్కర్లేదు, అడిగితే పెడతాం."