మరుగుదొడ్డికి చోటు

దోర్నపాల్ దాపులో ఎర్రన్న పెరడు నాలుగు మంచాలు వేస్తే నిండిపోతుంది. అందులోనే మరుగుదొడ్డి కట్టాలి, పక్కన నీళ్ల ట్యాంకు నిలబెట్టాలి. ఆడవాళ్ల పొదుపు సమూహ్‌లో ఈసారి లోను అతని భార్య తాతమ్మ వంతుకొచ్చింది. శుక్రవారం మీటింగుకల్లా గుంట పడకపోతే వంతు ఇంకొకరికి పోతుంది. పోయిన వానల్లో బయటికి పోతూ వాగు గట్టున జారి తాతమ్మ తుంటి విరిగింది. మళ్లీ వానలొస్తే ఆ గట్టు దిగలేదు.

అయినా నేల తవ్వాలంటే చనిపోయిన పెద్దల్ని అడగాలి. బుధవారం సాయంత్రం, మేస్త్రీ మాసా ముగ్గుతో గీసిన గీత లోపల ఎర్రన్న మూడు బియ్యపు గింజలు ఒకదానికొకటి ఆనించి పెట్టి మోదుగాకు కప్పాడు. చెదరకుంటే చోటు మంచిది. తెల్లారి ఆకు తీస్తే ఒక్క గింజా లేదు.

"పెద్దోళ్లు వద్దన్నరు," అన్నాడు.

"చీమలు తిన్నయేమో కాకా," అన్నాడు మాసా.

"చీమల్ని పంపిందెవరు?"

"మరి ఇంకో చోటేది? నీ నెత్తిమీద కట్టమంటవా?"

తాతమ్మ కర్ర పొడుచుకుంటూ గడపలోకి వచ్చింది. "నీ పెద్దోళ్లకేంది, గాల్ల తేలుకుంట పోతరు. నడిచేది నేను."

ఎర్రన్న గీత మధ్యలో తుండు పరుచుకుని పడుకున్నాడు. ఎండ ఇప్పపూల వాసనేస్తోంది. కాసేపటికి వాగే నడిచొచ్చినట్టు, చప్పుడు లేని నీళ్లు అతని చుట్టూ నిలిచాయి. వాటి మీద అడుగులేసుకుంటూ అమ్మ వచ్చింది, చేతిలో చెంబుతో. బతికినన్నాళ్లూ పొద్దు గూకేదాకా ఓర్చుకుని అడవిలోకి పోయిన మనిషి.

"గింజలు నేనే తిన్నరా. ఆకలైంది," అంది సిగ్గుపడుతూ.

"కోపం కాదా?"

"కోపమెందుకు? పట్టపగలు పోయే చోటు కోసం ఇంకా తిరుగుతనే ఉన్న. జరగరా, చూస్త."

అతను జరిగాడు. అమ్మ లేని గోడను తడిమి, లేని తలుపు వేసుకుంది. ఎంతకీ బయటికి రాలేదు. లోపల సన్నగా ఏదో పాడుకుంటోంది.

మెలకువ వచ్చేసరికి ఎర్రన్న గీతకు అవతల పడున్నాడు.

"ఏమన్నది మీ అమ్మ?" తాతమ్మ అతని ముఖం చూసి అడిగింది.

ఎర్రన్న పలుగు అందుకున్నాడు. "మాసా, ఇక్కడనే. గొళ్లెం లోపల పెట్టు, గట్టిది."

"దొడ్డికి గొళ్లెం బయట పెడతరా కాకా!"

ఎర్రన్న పలుగెత్తి, ఎవరూ లేని గీత లోపలికి చూసి ఆగాడు. "జర పక్కకు జరుగమ్మా," అని మెల్లగా అని, మొదటి పోటు వేశాడు.