కనబడని వైరు

ఆ ఉదయం కారులో నలుగురున్నారు. స్టీరింగు దగ్గర డ్రైవరు సురేష్‌బాబు. అతని పక్కన మిషన్ హైస్కూలులో హెడ్మాస్టరుగా రిటైరైన రాజ్ కుమార్ గారు. డ్రైవరు వెనుక ఆయన భార్య దీనమ్మ. ఆమె పక్కన, ఆక్సిజన్ మిషనును మోకాలికి ఆనించుకొని, దీనమ్మ చెల్లెలి కూతురు తబిత. భీమవరం నుంచి రాజమండ్రి ఆసుపత్రికి ప్రయాణం. ఆ మిషను ఆగితే దీనమ్మ ఊపిరితిత్తులు పావుగంట కూడా నెట్టుకురాలేవు.

మిషనుకు కరెంటు కారు నుంచే అందాలి. వారం కిందట ఎలక్ట్రీషియన్ పెదబాబు డాష్‌బోర్డు నుంచి వెనుక సీటు దాకా వైరు లాగాడు.

"కొంచెం పైకి వదులుతానండి. రేపేదన్నా అయితే చూసుకోవచ్చు" అన్నాడు.

రాజ్ కుమార్ గారు ఒప్పుకోలేదు. "పేగులు బయటపడ్డట్టు వైర్లు వేలాడే కారులో నేను కూర్చోనయ్యా. అంగుళం కూడా కనబడకూడదు."

పెదబాబు వైరును కార్పెట్టు కిందికి తోసి, అంచులు జిగురుతో అతికించి ఇచ్చాడు. ఆ పనితనాన్ని ఆయన చర్చిలో ఇద్దరు ముగ్గురికి చూపించారు కూడా.

గోదావరి వంతెన నడుమ మొక్కల లారీ ఒకటి టైరు పేలి అడ్డంగా నిలిచింది. ముందూ వెనుకా బండ్లు బిగుసుకుపోయాయి. రాజ్ కుమార్ గారు కాళ్ళు చాపుకుందామని సీటు వెనక్కి జరిపారు. తబిత మోకాళ్ళు ముడుచుకుంది. మరుక్షణం మిషను కీచుమంది.

"పెదనాన్నగారూ, కరెంటు రావట్లేదండి! బ్యాటరీ పాతది, పది నిమిషాలొస్తే గొప్ప."

సురేష్‌బాబు ఫ్యూజు మార్చాడు. అదీ టప్పున పోయింది.

"లోపలెక్కడో వైరు బాడీకి తగులుతోందండి. ఇంకొక్క ఫ్యూజే ఉంది. వైరు ఏ దారిన వేయించారు మాస్టారూ?"

ఆయనకు తెలియదు. కనబడకూడదని శాసించారే గాని, ఎటు పోతోందని అడగలేదు. పెదబాబు ఫోను మోగి మోగి ఆగిపోయింది. అంబులెన్సు వారు వంతెన ఖాళీ అయితే తప్ప రాలేమన్నారు. వెయ్యిమంది పిల్లల వరుసను ఒక్క చూపుతో సరిచేసిన మనిషికి తన రెండు చేతులూ ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు.

మాట్లాడే ఊపిరి లేక దీనమ్మ చెయ్యి చాపి ఆయన సీటు వీపు మీద తట్టింది. ఆయన నీళ్ళసీసా అందించారు. ఆమె తల అడ్డంగా ఊపి మళ్ళీ తట్టింది.

"భయపడకు దీనా. ప్రభువు మన..." అంటూ ప్రార్థన ఎత్తుకున్నారు. ఆమె కళ్ళురిమింది. చెయ్యి పట్టుకోబోతే విదిలించుకొని మూడోసారి సీటునే కొట్టింది. బ్యాటరీ అడుగంటుతోంది; ఆమె పెదవులు నీలంగా మారుతున్నాయి.

"ప్రార్థన తరవాతండి బాబూ!" సురేష్‌బాబు అరిచాడు. "అమ్మగారు సీటంటున్నారండి! మీరు సీటు జరిపాకే కదండీ ఆగింది!"

అతడు ఆయనను దిగమని అడగలేదు. రెక్క పట్టుకొని దించాడు. సీటు ముందుకు తోసి, తబిత పళ్ళసంచిలోని చాకు లాక్కున్నాడు. "కార్పెట్టు జాగ్రత్త" అనే మాట అలవాటుగా రాజ్ కుమార్ గారి నోట వచ్చింది. ఆ మాటకు ఆయనే సిగ్గుపడి, వంతెన రెయిలింగు పట్టుకొని నిలబడిపోయారు. చూడటం తప్ప ఆయన చేతిలో ఏమీ లేదు.

కార్పెట్టు బారున చిరిగింది. సీటు జారే పట్టా కింద వైరు నలిగి రాగి తేలింది. సురేష్‌బాబు నలిగిన మేర కోసేసి, కొసలు మెలేసి, దీనమ్మ ముక్కుగొట్టానికి వాడే ప్లాస్టరు చుట్టాడు. చివరి ఫ్యూజు పెట్టాడు.

కీచుమోత ఆగింది. మిషను మళ్ళీ మామూలుగా బుసకొట్టసాగింది.

ఆ సాయంత్రం ఆసుపత్రి మంచం మీద దీనమ్మ ఆయాసపడుతూనే అంది: "ఆ కోత కుట్టించకండి."

"కుట్టించను" అన్నారాయన.

మరునాడు రాజ్ కుమార్ గారు తెల్లకాగితం మీద స్వదస్తూరితో రాసి, సంతకం చేసి, సురేష్‌బాబు చేతికిచ్చారు:

"శ్రీ సురేష్‌బాబు గోదావరి వంతెన మీద నా అనుమతి కోసం ఆగక నా కారు కార్పెట్టును కోసి, నా భార్య దీనమ్మ ప్రాణం నిలిపినాడనియు, ఆ సమయమున నేను చేయగలిగినది ఏదియు లేకపోయెననియు ఇందుమూలముగా ధ్రువీకరించుచున్నాను."