గుండు మీద గ్రహణం

సెలూను నడిపే తమ్ముడు అక్క మొగుడికి గుండు గీస్తున్నాడు. ఒక్క వెంట్రుక మిగిలినా నీ తలే గొరుగుతానని అక్క ముందే బెదిరించింది. ఆవిడ అన్నంత పనీ చేస్తుంది.

"ఒరేయ్, ఇవాళ చంద్రగ్రహణమటగా. అదెలా పడుతుందిరా?" అన్నాడు బావ.

"కదలకు బావా. నా వెనకున్న బల్బు సూర్యుడు, నా తలకాయ భూమి, నీ గుండు పున్నమి చంద్రుడు. మధ్యలో నేనున్నానా, నా నీడ నీ గుండు మీద పడిందా? అదే గ్రహణం!"

"అబ్బో, పండితుడివే!"

తమ్ముడు ఉబ్బిపోయి, బల్బుకి అడ్డంగా నిలబడే, ఆ నీడలోనే పని ముగించాడు. అద్దంలో ముందువైపు తళతళా మెరిసింది. బావ ఈల వేసుకుంటూ ఇంటికి పోయాడు.

కాసేపటికి వీధి చివరి నుంచి అక్క కేక వినబడింది.

"ఒరేయ్! మీ బావకి వెనకాల నెలవంకంత జుట్టు మిగిలింది. కత్తి నా దగ్గరుంది, నువ్వు తల తీసుకుని రా!"

తమ్ముడు బల్బు ఆర్పేసి కుర్చీ వెనక నక్కాడు. సెలూనులో అమావాస్య.