డోర్ ప్యాడ్‌లో ఎల్లమ్మ

శేఖర్ అన్న కారు మూడోసారి మా షాపు ముందు ఆగేసరికి నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన ఇంకా పూర్తిగా దిగనే లేదు, మళ్లీ గరగరమంటోందని మొదలుపెట్టాడు. ఎడమవైపు ముందు తలుపు. మొదటిసారీ అదే, రెండోసారీ అదే. మిగతా మూడు తలుపుల్లో స్పీకర్లు శుభ్రంగా పాడుతుంటే ఇదొక్కటే గొంతు పట్టినట్టు గీరుతోంది.

మా షాపు వరంగల్ కాశిబుగ్గలో. కార్లకు సీటు కవర్లు, మ్యాట్లు, పాటల సెట్లు అన్నీ చేస్తాం. షాపు మా మేనమామ రాంచందర్‌ది. అందులో వినపడే గొంతు కూడా ఆయనదే. ఎనిమిదేళ్లు నేను మూలన మిషను ముందు కూర్చుని సీటు కవర్లే కుట్టాను. కుట్టీ కుట్టీ నా వేళ్లకు రెగ్జిన్ వాసన పట్టేసింది. రెండేళ్ల కిందట పోట్లాడి డోర్ ప్యాడ్ల పనిలోకి వచ్చాను. డోర్ ప్యాడ్ అంటే కారు తలుపుకు లోపలివైపు ఉండే పలక. స్పీకరు కూర్చునేది అందులోనే.

గుండ్రంగా కోసి నాలుగు స్క్రూలు బిగిస్తే పాట వచ్చేస్తుందనుకుంటారు జనం. రమ్మనండి, చేసి చూపించమనండి. కారు అద్దం సందులోంచి వాన నీళ్లు తలుపు లోపలికి కారుతాయి. ఆ నీళ్లు పడకుండా స్పీకరు వెనక చిన్న ప్లాస్టిక్ గొడుగు పెట్టాలి. రేకు అదరకుండా లోపల నల్ల షీటు అతికించాలి. ముందు వైపు, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ కాళ్లు తగలకుండా ఇనుప జాలీ కావాలి. ఆ జాలీ రంధ్రాలు మరీ చిన్నవైతే పాటకు జలుబు చేస్తుంది, పెద్దవైతే పిల్లలు పెన్నులు దూరుస్తారు. నేను నాలుగు జాలీలు పాడుచేసి, తిట్లు తిని, అయిదోదాన్ని ఒప్పించాను. రీఫిల్ కూడా దూరదని షాపుకు వచ్చిన ప్రతి ఒక్కరికీ గుచ్చి మరీ చూపించేదాన్ని. అంత గొప్ప నాకు.

ఇంత చేస్తే ప్యాడ్ మీద అంటించే స్టిక్కరు మాత్రం మామ పేరుది. నా పేరు కూడా వేయమని రెండేళ్లు ఆయన చుట్టూ తిరిగాను. టీ తాగేటప్పుడు అడిగాను, అన్నం తినేటప్పుడు అడిగాను, అత్త చేత అడిగించాను. చివరికి శేఖర్ అన్న కారు రెండోసారి వెనక్కి వచ్చిన రోజు మామ విసిగిపోయి ఒక మాట అనేశాడు. ఇప్పుడు ఆ కారే మూడోసారి వచ్చింది కాబట్టి, ఇంకొక్క అవకాశమిస్తూ ఆ మాటనే పది మంది ముందు గట్టిగా చెప్పాడు.

"స్నేహా, ఇగ ఇదే ఆఖరు. ఈ బండి నెల దినాలు మన షాపుకు తిరిగి రాకపోతే నీ పేరేస్త. వచ్చిందనుకో, నీ మిషను నీకున్నది, సీటు కవర్లు కుట్టుకో."

సరే అన్నాను. కోపంలో ఏదైనా సరే అంటాను నేను, అదే నా జబ్బు.

జాలీ ఊడదీసి చూస్తే స్పీకరు కాగితం మీద రంధ్రాలు. సరిగ్గా అయిదు. సన్నగా, గుండ్రంగా, ఎవరో కొలిచి పొడిచినట్టు. కాలు తగిలితే నొక్కుకుపోతుంది కానీ ఇలా పొడుచుకుపోదు. ఎలుకైతే కొరుకుతుంది కానీ లెక్కపెట్టి కొరకదు. పైగా జాలీ మీద పసుపచ్చటి దుమ్ము, ఆ తలుపు దగ్గర గంధం వాసన. దుమ్ము రోడ్డుదేమో, శేఖర్ అన్న కొత్త సెంటు కొన్నాడేమో అనుకున్నాను తప్ప నా మట్టి బుర్రకు ఇంకేమీ తట్టలేదు.

శేఖర్ అన్న కేసముద్రం మార్కెట్‌లో మక్కల వ్యాపారం చేస్తాడు, మొక్కజొన్నలన్నమాట. బస్తాలో పొడిచి గింజలు బయటికి తీసి చూసే ఇనుప పుల్ల ఒకటి ఎప్పుడూ కార్లో ఉంటుంది. నాకు దాని మీద అనుమానం వచ్చింది. వచ్చిన అనుమానాన్ని కడుపులో దాచుకునే అలవాటు నాకు లేదు కదా, మొహం మీదే అడిగేశాను. ఆయన నొచ్చుకున్నాడు. నా స్పీకరులో మక్కలున్నాయా చెల్లె, పొడిచి చూసుకోడానికి, అన్నాడు. షాపంతా నవ్వింది. మామ అందరికంటే ఎక్కువ నవ్వాడు.

కొత్త స్పీకరు బిగించి పంపించాను కానీ రాత్రంతా ఆ అయిదు రంధ్రాలే. తెల్లారి ఆరున్నరకే స్కూటీ తీసి శేఖర్ అన్న ఇంటికి పోయాను. రెండు గల్లీలవతలే. ఊరికే పోతే బాగుండదని చేతిలో కొలతల టేపు పట్టుకున్నాను.

కారు ఇంటి ముందు ఆగి ఉంది. శేఖర్ అన్న ఇంకా స్నానంలో ఉన్నాడు. వాళ్ల అమ్మ మొగిలమ్మ అవ్వ వాకిలి ఊడ్చి, కాళ్లు కడుక్కుని, చెప్పులు గోడవారగా విడిచి కారు దగ్గరికి వచ్చింది. డెబ్భై ఏళ్లుంటాయి. ఎడమవైపు ముందు తలుపు బార్లా తెరిచింది. లోపలికి వంగి పాటల మీట నొక్కింది. ఎల్లమ్మ పాటలు మొదలయ్యాయి, డప్పుతో సహా. అవ్వ కొంగు సర్దుకుని తలుపు ముందు గొంతుక్కూర్చుంది. జాలీకి పసుపు రాసింది, కుంకుమ పెట్టింది. అగరుబత్తులు వెలిగించింది. అయిదు.

నాకు అప్పటికి కూడా అర్థం కాలేదంటే నమ్మండి. ఎంత ముచ్చటగా ఉందో అని చూస్తూ నిలబడ్డాను.

అవ్వ మొదటి బత్తి పుల్లను నా జాలీ రంధ్రంలో పెట్టి లోపలికి తోసింది. రీఫిల్ దూరని రంధ్రంలోకి పుల్ల హాయిగా దూరింది. పుట్ మంది. రెండోది, పుట్. మూడోది పెట్టేసరికి ఎల్లమ్మ పాట పాడే ఆయన గొంతు బొంగురుపోయింది. అవ్వ భక్తిగా కళ్లు మూసుకుంది.

నాకు నవ్వు వచ్చింది. మామూలు నవ్వు కాదు, కడుపు చెక్కలయ్యే నవ్వు. ఆపుకుందామని టేపు నోట్లో పెట్టుకున్నాను, అది సర్రున చుట్టుకుని పెదవికి తగిలింది. కళ్లల్లో నీళ్లు కారుతుంటే స్కూటీ పట్టుకుని రోడ్డు మీద కూలబడ్డాను. మూడు స్పీకర్లు, నెల రోజుల తిట్లు, మక్కల పుల్ల మీద నింద, రెండోసారి ఎలుక కోసం నేను సీటు కింద పెట్టిన బోను, అన్నీ కలిసి ఒక్కసారే గుర్తొచ్చాయి. అవ్వ కంగారుపడి బిందెలో నీళ్లు తెచ్చి నా మొహాన కొట్టింది. నాకు అమ్మవారు పూనిందనుకుందట.

తడిసిన మొహంతో అడిగాను, అక్కడెందుకు గుచ్చుతున్నావని. అవ్వ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

"మరి తల్లి యాడికెళ్లి పలుకుతాందో ఆడ్నే పెట్టాలె గదా, బిడ్డా."

దానికి జవాబేంటి? మీ దగ్గరుంటే చెప్పండి.

అవ్వకు ఇంకో బాధ కూడా ఉందని అప్పుడు తెలిసింది. తల్లి గొంతు కాళ్ల దగ్గర నుంచి వస్తోంది. అందుకని కారెక్కితే అవ్వ చెప్పులు విప్పి, కాళ్లు రెండూ సీటు మీదికి మడుచుకుని కూర్చుంటుందట. ఆ మధ్య మేడారం దాకా అలాగే పోయి, దిగేటప్పుడు మోకాళ్లు పట్టుకుపోతే ఇద్దరు పట్టుకుని దించారు. తెలియక ఎక్కినోళ్లు తల్లికి కాళ్లు తగిలిస్తాండ్రని, ఆ పాపం పోవడానికే రోజూ అవే అయిదు రంధ్రాల్లో ఈ పూజ అని చెప్పింది. నా స్పీకరును వరంగల్ మొత్తంలో ఒక్క తన్ను కూడా తన్నని మనిషి ఎవరంటే ఈ అవ్వే. దాన్ని పొడిచి పొడిచి చంపింది కూడా ఈ అవ్వే.

శేఖర్ అన్న తల తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. అంతా చూసి, దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాడు. వద్దని చెప్పొచ్చు కదా అన్నాను. నువ్వే చెప్పు చెల్లె, అని తువ్వాలు మొహం మీద కప్పుకున్నాడు. నేను అవ్వ మొహం చూశాను. చెప్పలేకపోయాను. పూజ మానమని చెప్పి గెలిస్తే అదేం గెలుపు.

ఇక మూడు రోజులు నాకు నిద్రాహారాలు గుర్తులేవు. బండి షాపుకు రాకూడదు కదా, పొడిచిన స్పీకరు మార్చడంతో సహా బిగించేదంతా వాళ్ల వాకిట్లోనే. ముందు తల్లిని కాళ్ల దగ్గర నుంచి లేపాలి. పెద్ద స్పీకరును పైకి తేలేము, అంత చోటు లేదు. కానీ మనిషి గొంతులోని సన్నటి సొగసంతా చిన్న స్పీకరులో నుంచి వస్తుంది, దాన్ని ట్వీటర్ అంటాం. రూపాయి బిళ్ల కంటే కొంచెం పెద్దది. దాన్ని పక్కద్దం మూలన, కూర్చున్న మనిషి మొహం ఎత్తులో పెట్టాను. అంతే, పాట మొత్తం లేచి పైకి వచ్చినట్టే ఉంటుంది, చెవి మోసపోతుంది. డప్పు మోత మాత్రం కింద పెద్దదానిలో మిగిలింది. పాట పైన, డప్పు కింద. జాతరలో కూడా అంతే కదా.

తర్వాత జాలీ. ఒకదాని వెనక ఇంకొకటి పెట్టి, మొదటిదాని రంధ్రం ఎదురుగా రెండోదాని రేకు వచ్చేలా జరిపాను. గాలి పక్కకు తిరిగి వస్తుంది, పుల్ల తిరగలేదు కదా. రెండింటి మధ్యకు పలచటి బట్ట కావాల్సి వస్తే కొత్తవాడ పోయాను. అక్కడ నేసే జంపఖానా దళసరిగా ఉంటుంది, అది పెడితే పాట దుప్పటి కప్పుకుని పడుకుంటుంది. మగ్గం మీద ఉన్న యాకయ్య తాత సంగతంతా విని, నవ్వీ నవ్వీ, పలచగా ఒక మూర నేసి ఇచ్చాడు. షాపులో కూర్చుని రెండు కట్టల అగరుబత్తులు ఆ జాలీ మీద విరగ్గొట్టాను. ఒక్కటి దూరలేదు. షాపంతా గుడి వాసన వచ్చింది. మామ వచ్చి ముక్కు ఎగబీల్చి వెనక్కి తిరిగి పోయాడు.

మరి పుల్లలు ఎక్కడ గుచ్చాలి. చోటు చూపించకపోతే అవ్వ ట్వీటర్‌లో గుచ్చుతుంది, అదీ కుదరకపోతే ఏసీ గాలి వచ్చే సందులో గుచ్చుతుంది. అందుకని హన్మకొండ చౌరస్తాలో అయిదు రంధ్రాల ఇత్తడి స్టాండు కొని, బూడిద పడటానికి కింద చిన్న గిన్నె అతికించి, ట్వీటర్ కింద డ్యాష్‌బోర్డు చివర బిగించాను. బండి ఆగి ఉన్నప్పుడే, తలుపు తెరిచి ఉన్నప్పుడే వెలిగించాలని అవ్వ చేత తల్లి మీద ఒట్టు వేయించుకున్నాను. అవ్వ కారెక్కి, కాళ్లు కిందికి చాపి, పైనుంచి వస్తున్న పాట విన్నది. తన కాళ్లను తనే వింతగా చూసుకుంది.

తర్వాత నేను క్యాలెండరు మీద రోజులు కొట్టేస్తూ కూర్చున్నాను. పదిహేను దాటింది. ఇరవై దాటింది. మామ ఎదురుపడితే పాట పాడేదాన్ని. ఇల్లు అలకగానే పండగ కాదని ఆయన అనేవాడు.

ఇరవై ఎనిమిదో రోజు పొద్దున శేఖర్ అన్న కారు మా షాపు ముందు ఆగింది.

నా చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పడింది. మామ కుర్చీలోంచి లేవలేదు. మూలనున్న మిషను వైపు ఒకసారి చూసి, నా వైపు చూశాడు. దాని మీద కవరు తీసి కూడా ఉంచాడు, దుర్మార్గుడు. నాకు ఏడుపు వచ్చింది. నిజంగా వచ్చింది, దాచుకోను. తలుపు తెరిచి జాలీ ఊడదీశాను. స్పీకరు మీద గీత కూడా లేదు. పాట పెడితే గంట కొట్టినట్టు ఉంది.

మరెందుకు వచ్చారని అడిగితే శేఖర్ అన్న వెనక సీటు చూపించాడు. మొగిలమ్మ అవ్వ కొబ్బరికాయ పట్టుకుని దిగింది. నేరుగా మామ దగ్గరికి పోయింది.

"నా కొడుకు చదివి చెప్పిండు, తలుపు మీద నీ పేరే ఉన్నదట. మా తల్లిని కాళ్ల కాడికెళ్లి లేపి పైన కూసోబెట్టింది ఈ పిల్ల. గుడికి ఒక ఫ్యాన్ ఇచ్చినోడే మూడు రెక్కల మీద పేరు రాయించుకుంటాండు. గుడి కట్టిన పిల్ల పేరేది?"

షాపులో మిషన్లు ఆగిపోయాయి. బండి తిరిగి వచ్చింది కదా అని మామ ఏదో గొణిగాడు. వచ్చింది బండి కాదు, నేనొచ్చిన, అంది అవ్వ. మామ నోరు తెరిచి మళ్లీ మూశాడు. మా షాపులో ఆ గొంతు ఆగిపోవడం నేను చూడటం అదే మొదటిసారి. ఆయన లేచి, సొరుగులోంచి తెల్ల పెయింటు పెన్ను తీసి, కారు తలుపు ముందు వంగి, స్టిక్కరు పైన కష్టపడి నాలుగు అక్షరాలు రాశాడు. స్నేహలత. ఏత్వం కొంచెం వంకర పోయింది. పోనీయండి.

అవ్వ ఆ నాలుగు అక్షరాల పక్కన కుంకుమ పెట్టింది. అయిదు బత్తులు వెలిగించి ఇత్తడి స్టాండులో గుచ్చింది, ఎక్కడా పుట్ మనలేదు. కొబ్బరికాయ కొట్టింది. పాట పెట్టించి, చెప్పులు విడిచి కారు చుట్టూ ప్రదక్షిణ మొదలుపెట్టింది. వెనక శేఖర్ అన్న. అవ్వ ఒక్క చూపు చూసేసరికి మామ కూడా చెప్పులు విప్పి, చేతులు జోడించి, బొజ్జ వేసుకుని వాళ్ల వెనకాలే నడిచాడు. తెరిచిన తలుపు పట్టుకుని నేను మధ్యలో నిలబడిపోయాను. తప్పుకోబోతే కదలొద్దని అవ్వ చెయ్యి చూపించింది.

రెండేళ్లు నేను మా మామ చుట్టూ తిరిగాను. ఆ పొద్దు ఆయన నా చుట్టూ మూడుసార్లు తిరిగాడు.