మామిడి కొత్తలూ ప్రమీల హఠమూ

ప్రమీల అన్నిటికంటే ఎక్కువగా భయపడేది ఒక్కదానికే. తన చదువు ఐదో తరగతిలో ఆగిపోయినట్టే కూతురు సీతాలు చదువూ ఆగిపోతుందేమోనని. అందుకే సీతాలు ఉండి చదివే ఆశ్రమ పాఠశాల నుంచి కబురు రాగానే గూడెం నుంచి పర్ణశాల దాకా పరుగులాంటి నడకతో వచ్చి బస్సు పట్టుకుంది.

"నీ బిడ్డకు హఠం ఎక్కువమ్మా," అన్నారు వార్డెన్ మేడం.

"హఠమంటే ఏంది మేడం?"

"మొండిపట్టు. మంచి పనికైతే పట్టుదల అంటాం, ఇట్లాంటి దానికి హఠం అంటాం. మామిడికాయ పప్పు వండిన పూటల్లా పస్తుంటోంది. కళ్లు తిరిగి పడితే నేనేం జవాబు చెప్పాలి? సోమవారం నుంచి తినకపోతే ఇంటికి తీసుకుపో."

సీతాలు తల్లి కొంగు పట్టుకుని గొణిగింది. "కొత్తలు కాలే కదనే అమ్మా."

కొత్తల పండుగ చేసి దేవతకు పెట్టందే వాళ్ల గూడెంలో ఆ ఏటి మామిడికాయ ఎవరూ నోట పెట్టరు. ఆ మాటే చెప్పింది ప్రమీల. ఇంతమందిలో ఒక్కదానికి వేరే వండలేనన్నారు మేడం.

ప్రమీల తిరిగొచ్చి ఇంటికి కూడా పోకుండా ఊరిపెద్ద పోతయ్య వాకిట్లో కూర్చుంది.

"పెద్దయ్యా, ఈ ఆదివారమే కొత్తలు పెట్టు."

"సగం గూడెం మిరప తోటల కాడున్నది. అన్ని ఇండ్లోళ్లు లేకుండ కొత్తలేంది పిల్లా?"

"అందరొస్తే పెడ్తవా?"

"కూలి ఇడిసి ఎవరొస్తరు? లెవ్వు, పొద్దుగూకింది."

"లెవ్వను. నాకు హఠం."

"అదేంది, కొత్త జరమా?"

"మొండిపట్టే. చదువుకున్నోళ్లు గట్లంటరు."

పోతయ్య నోట్లోంచి చుట్ట తీసి నవ్వాడు. "మీ అత్త ముత్తక్కకు గూడ ఉన్నది అది. పేరు తెల్వక ఊకున్నం. సరే, పిలువు. వస్తే పెడ్త."

మర్నాడు పొద్దున్నే బస్సు డ్రైవరుతో తోటలకు కబురు పోయింది. సాయంత్రానికి జవాబొచ్చింది. వస్తారు, కానీ ఆగిన పనికి బదులు సోమవారం ప్రమీల కూడా మిరపకాయలు ఏరడానికి రావాలని మేస్త్రి షరతు. సరేనని చెప్పమంది ప్రమీల, ఆలోచించకుండానే.

ఆదివారం పొద్దెక్కినా కూలీలను తెచ్చే ట్రాక్టరు రాలేదు. ప్రమీల బాట మీదికి పోవడం, రావడం. "ఆ బాట అరిగిపోతదే," అన్నాడు మొగుడు లచ్చయ్య. అంతలోనే అడవి మలుపులో ఇంజను చప్పుడు. తుమ్ముకుంటూ, మిరప ఘాటుకు మండే చేతులు దులుపుకుంటూ జనం దూకారు. డోలు మోగింది. పోతయ్య కాయలు కోసి దేవత ముందు పెట్టాడు. ముత్తక్క తన కోడలు ప్రమీల నోట్లో మొదటి ముక్క పెట్టింది. పులుపుకో సంతోషానికో ప్రమీల కళ్లలో నీళ్లు తిరిగాయి.

సోమవారం మోదుగాకులో చుట్టిన మామిడి ముక్కను బస్సు డ్రైవరు చేతిలో పెట్టింది. "కొత్తలైనయి, అమ్మ తినమన్నదని సీతాలుకు చెప్పన్నా." తాను ట్రాక్టరెక్కింది.

డ్రైవరు మరిచిపోయాడో, చెప్పాడో తెలియదు. మీరెవరైనా మధ్యాహ్నం అన్నాల వేళ ఆ బడి వైపు వెళ్తే, సీతాలు తింటున్నదో లేదో కాస్త చూసి, మిరప తోటలకు కబురంపండి.